ఊరి పటములో పేదవాని ఇల్లు



ఇల్లు కట్టుకొనుటకు డబ్బు కావలెను, స్థలము కావలెను. ఈ రెండును మన మెఱిగినవే. వీనితోపాటు మూడవది యొకటి కావలెను, అది అనుమతి. ఏ స్థలములో ఎంత యిల్లు కట్టవచ్చునో నిర్ణయించు అధికారము ఊరివారి చేతిలో నుండవలెనా, రాష్ట్రప్రభుత్వము చేతిలో నుండవలెనా? ఈ ప్రశ్న అమెరికాదేశములోని న్యూజెర్సీ రాష్ట్రమును అర్ధశతాబ్దమునకు పైగా కలవరపెట్టుచున్నది. ఆ రాష్ట్రమున ఎడిసన్ మొదలగు పట్టణములలో మన తెలుగు కుటుంబములు పెక్కు కాపురమున్నవి. మీలో కొందఱి బిడ్డలు అచ్చటనే యుండవచ్చును. కావున ఈ వృత్తాంతము మనకు బొత్తిగా పరాయిది కాదు.

ముందుగా 'జోనింగు' అను మాటకు అర్థము చెప్పెదను. పట్టణపు పటమును ముక్కలుగా విభజించి, ఈ భాగమున కర్మాగారములు, ఈ భాగమున అంగళ్లు, ఈ భాగమున కాపురపుటిండ్లు అని కట్టడి చేయుటయే జోనింగు. తోళ్ల కార్ఖానా ప్రక్కన బడి యుండరాదనుట న్యాయమే. 1916లో న్యూయార్కు నగరము తన పరిధి యంతటికిని ఇట్టి నిబంధనలు చేసి ఆ దేశమున మార్గదర్శి యయ్యెను. 1926లో ఒహైయో రాష్ట్రములోని యూక్లిడ్ గ్రామమునకు సంబంధించిన దావాలో, ఇట్టి నిబంధనలు చెల్లునని దేశపు సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను.

జాతినిబట్టి నివాసములను వేఱుచేయు శాసనము చెల్లదని అదే కోర్టు 1917లోనే చెప్పియుండెను. కాని జాతి పేరెత్తకుండ స్థలపు కొలత నడ్డము పెట్టుట కెవరి యాక్షేపణయు లేకపోయెను. 'ఇంటికి ఇంత స్థలము ఉండితీరవలెను, ఒక స్థలములో ఒక కుటుంబమునకు ఒకే యిల్లు, కట్టడము ఇన్ని చదరపుటడుగులకు తగ్గరాదు' అని వ్రాసిన చాలును. పేదవాడు ఊరి వెలుపల నిలిచిపోవును.

ఊరివారు అట్లేల వ్రాసిరి? దురుద్దేశము కొంత యుండవచ్చును. లెక్క కూడ నుండెను. అచ్చటి బడుల ఖర్చులో పెద్దభాగము స్థానికముగా ఇండ్లమీద వేయు పన్నునుండియే రావలెను. చిన్నయింటికి పన్ను తక్కువ. అందలి పిల్లల చదువునకు ఖర్చు మాత్రము తక్కువ కాదు. కావున పెద్ద యిండ్లు రావలెను, చిన్న యిండ్లు పొరుగూరికి పోవలెను అని ప్రతి యూరును తలచెను. ప్రతి యూరును అట్లే తలచినచో ఆ పొరుగూరు మాత్ర మెక్కడ నున్నది?

న్యూజెర్సీలో ఫిలడెల్ఫియా నగరమునకు సమీపమున మౌంట్ లారెల్ అను ఊరు కలదు. అచ్చట నల్లజాతి కుటుంబములు కొన్ని తరతరములుగా వ్యవసాయపు పనులు చేసి జీవించినవి. నగరము వ్యాపించి భూములకు వెల పెరుగగా వారికి నిలువ నీడ కఱవయ్యెను. కొందఱు కోళ్ల కొట్టములను బాగుచేసికొని వానిలో కాపురముండిరి. ఆ యూరి యాడబిడ్డ ఎథెల్ లారెన్సును తోడివారును 36 చిన్న వాటాల యిండ్లు కట్టుటకు అనుమతి వేడిరి. నిబంధనలు ఒప్పవని ఊరు త్రోసిపుచ్చెను. ఉండుటకు శక్తి లేనివారు ఊరు విడిచి పోవలసినదే యని 1970లో ఊరిపెద్ద వారి ప్రార్థనాలయముననే చెప్పెను. తమ పూర్వులు పాతుకొన్న నేలను విడిచిపొమ్మనుట కంటె కఠినమైన మాట యేది?

వారు 1971లో దావా వేసిరి. 1975లో రాష్ట్ర సుప్రీంకోర్టు చరిత్రాత్మకమైన తీర్పు చెప్పెను. ఊరికి జోనింగు అధికారము రాష్ట్రము ఇచ్చినది. రాష్ట్రపు అధికారము ప్రజలందఱి క్షేమముకొఱకు. ఆ ప్రజలలో ఊరి పొలిమేర కావల నున్నవారును చేరుదురు. కావున పెరుగుచున్న ప్రతి యూరును ఆ ప్రాంతపు పేదల యిండ్లలో తన న్యాయమైన పాలు భరింపవలెను. ఇదియే తీర్పు సారము. ఊళ్లు లక్ష్యపెట్టనందున 1983లో కోర్టు మఱింత గట్టిగా చెప్పెను. 1985లో శాసనసభ చట్టము చేసి, పాళ్లు నిర్ణయించుటకు ఒక మండలి నేర్పఱచెను. ఆ చట్టమున నొక సందు మిగిలెను: ధనికమైన ఊరు తన పాలులో సగమువఱకు సొమ్మిచ్చి వేఱొక ఊరికి అప్పగింపవచ్చును. ఆ బేరము 2008లో రద్దయ్యెను. పిదప మండలి నిలిచిపోగా, 2015లో కోర్టులే ఆ పనిని మరల చేపట్టెను. 2024లో క్రొత్త చట్టము వచ్చి, మండలిని తీసివేసి, పాళ్ల లెక్కకు సూత్రము నిర్ణయించెను. దానిపైనను కొన్ని పట్టణములు కోర్టు కెక్కినవి.

మౌంట్ లారెల్‌లో ఆ యిండ్లకు తలుపులు తెఱచినది 2000 సంవత్సరమున. ఎథెల్ లారెన్సు 1994లోనే కాలధర్మము నొందెను. ఇండ్లకు ఆమె పేరు పెట్టిరి. ఇప్పుడచ్చట 140 వాటాలు కలవు. దొంగతనములు పెరుగును, ఇండ్ల వెలలు పడిపోవును, పన్నులు హెచ్చునని ఊరివారు భయపడిరి. డగ్లస్ మాసీ అను సమాజశాస్త్రజ్ఞుడును సహచరులును పరిశోధించి 2013లో గ్రంథము ప్రకటించిరి. ఆ భయములలో ఒక్కటియు నిజము కాలేదని వారు తేల్చిరి.

ఇతర రాష్ట్రములును ఈ త్రోవ పట్టినవి. 2019లో ఆరెగాన్ రాష్ట్రము, పదివేల జనసంఖ్యకు మించిన నగరములలో ఒక కుటుంబపు టిల్లు కట్టదగిన స్థలమున రెండు కుటుంబముల యిల్లును కట్టనీయవలెనని శాసించెను. అయినను అనుమతియే యిల్లు కాదు. నిబంధన సడలించినంత మాత్రమున కూలివానికి తాళగల అద్దె రాదు. ప్రభుత్వపు సొమ్మో, ధర్మసంస్థల పూనికయో తోడు కావలెను.

పెద్దలారా, పటము గీయకయే ఊరిని వాడను వేఱుచేసిన అనుభవము మనకున్నది. ఇప్పుడు మన యూళ్లలోను లేఅవుట్లు పడుచున్నవి, పొలములు ఇండ్ల స్థలములగుచున్నవి. పేదలకు నివేశనస్థలముల ప్రస్తావన వచ్చినప్పుడు మీ మాటకు విలువ యుండును. ఆ స్థలము బడికి, బావికి, బాటకు దగ్గఱగా నున్నదా, లేక ఎవరికిని పనికిరాని పల్లమున నున్నదా యని మీరు విచారింపుడు. ఆ యింటిలో నుండబోవువాడు గ్రామసభకు వచ్చి నోరు విప్పలేకపోవచ్చును. వాని తరపున ఒక పెద్ద మాటాడినచో, ముప్పది యేండ్ల వ్యాజ్యము తప్పును.