కార్యవర్గంలోకి వచ్చే ముందు

 

వచ్చే సర్వసభ్య సమావేశంలో కార్యవర్గంలోకి కొత్తవాళ్లు రావాలని మేం కోరుతున్నాం. అయితే ఫ్లెక్సీలో ఫోటో కోసం మాత్రం రావద్దు.

భద్రాచలం వైపు ఏజెన్సీలో మనవాళ్లకు 1996 నాటి పెసా చట్టం ఉంది, దాని కింద గ్రామసభ ఉంది. మన మధిర మైదాన ప్రాంతం. ఇక్కడి తండాలకు, గూడేలకు ఆ అండ లేదు. అందరం ఒక్క పేరు మీద అధికారుల ముందు నిలబడాలంటే రిజిస్టరైన సంఘమే దిక్కు. విశాఖ మన్యంలో గిరిజన ప్రాంత భూములను ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1997 జులై 11న తీర్పిచ్చింది. దాన్ని సమత తీర్పు అంటాం. కేసు వేసిన స్వచ్ఛంద సంస్థ పేరే సమత. అదీ రిజిస్టరైన సంఘమే. కాగితాలు సరిగా లేని సంఘం కోర్టుకెళ్తే అవతలి వకీలు భూమి సంగతి తర్వాత, ముందు 'మీరెవరు, మిమ్మల్ని ఎవరు పంపారు' అని అడుగుతాడు.

మన సంఘాలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నడుస్తాయి. ఏడుగురు కలిస్తే రిజిస్టర్ చేయించొచ్చు, అది తేలికే. ఆ తర్వాత ఏటా సర్వసభ్య సమావేశం జరపాలి, కార్యవర్గం జాబితా రిజిస్ట్రారుకు ఇవ్వాలి, లెక్కలు ఆడిట్ చేయించాలి. ఈ పనులు విసుగు పుట్టిస్తాయి. చాలా సంఘాలు ఆగిపోయేది ఇక్కడే.

కాబట్టి ఒప్పుకునే ముందు నియమావళి, మినిట్స్ పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్ అడిగి చూడండి. పాత బాకీలేమైనా ఉన్నాయా అని కోశాధికారిని నిలదీయండి. మేం నొచ్చుకోం. చూపించడానికి వెనకాడే సంఘంలో చేరకండి, అది మన సంఘమైనా సరే.

అసలు కష్టం బంధుత్వాల దగ్గర వస్తుంది. మనలో ఎవరు ఎవరికి కారు? తీజ్ పండుగకు టెంటు కావాలి, టెంటుహౌస్ మీ బావదే. ఆయనకిస్తే తప్పు కాదు. కానీ మీటింగులో 'ఆయన మా బావ' అని ముందే చెప్పాలి. ఇంకో రెండు చోట్ల రేట్లు కనుక్కోవాలి. నిర్ణయం తీసుకునేటప్పుడు మీరు బయటికి వెళ్లి కూర్చోవాలి. ఇదంతా మినిట్స్‌లో రాయించాలి. అక్కయ్య ఇంట్లో ఒకపూట అలకలుంటాయి, ఉండనివ్వండి. దాచిపెడితే మాత్రం ఏడాది తర్వాత తండా రెండు ముక్కలవుతుంది. అలాంటి తగాదా ముదిరితే చట్టంలోని 23వ సెక్షన్ జిల్లా కోర్టు దారి చూపిస్తుంది. వకీలు ఫీజులకు పిల్లల పుస్తకాల డబ్బే పోతుంది.

తీర్మానం నచ్చకపోతే పెద్దాయన ముందు నోరు పెగలదు, నిజమే. 'నాకు సమ్మతం కాదు' అని ఒక్క వాక్యం మినిట్స్‌లో రాయమనండి, మర్యాదగానే. ఖాళీ చెక్కు మీద మాత్రం ఎవరడిగినా సంతకం పెట్టకండి.

చెల్లెళ్లకు ఇంకో మాట. పేరు మీది, కుర్చీలో మీ ఆయన అంటే కుదరదు. మీరే రండి.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నవాళ్లు ఫోన్లో మీటింగుకు రావొచ్చా అని అడుగుతున్నారు. మన నియమావళి ఏం చెబుతుందో ముందు చదవండి. మార్చాలంటే సర్వసభ్య సమావేశంలోనే మార్చాలి. జిరాక్సు కాపీలు కార్యదర్శి దగ్గర ఉన్నాయి. ఈ ఆదివారం పొద్దున మినిట్స్ పుస్తకం కూడా బల్ల మీద పెడతాం, వచ్చి చూసుకోండి.