మోకాటిలోతు సముద్రము



సముద్రమన్నంతనే మనస్సునకు లోతు తోచుట సహజము. అయినను అమెరికా సంయుక్త రాష్ట్రముల ఆగ్నేయపు కొసన, ఫ్లోరిడా ద్వీపకల్పము ముగిసిన చోట, ఒక విచిత్రమైన సముద్రభాగము కలదు. పెక్కు తావుల అందు దిగినవానికి నీరు నడుము దాటదు. కొన్ని తావుల మోకాలు దాటదు. దాని పేరు ఫ్లోరిడా అఖాతము. దాని వైశాల్యము సుమారు 2,200 చదరపు కిలోమీటర్లు. సగటు లోతు ఒక మీటరునకు అటునిటు. ఉత్తరమున ఎవర్‌గ్లేడ్స్ అను గడ్డినీటి మైదానము, తూర్పు దక్షిణముల కీస్ అను ద్వీపమాల, పడమట మెక్సికో సింధుశాఖ దానికి ఎల్లలు. నడుమ మడచెట్లు కప్పిన చిన్న దిబ్బలు రెండువందలకు పైగా ఉన్నవి. బురదకట్టలు ఈ నీటిని వరిమళ్లవలె గదులు గదులుగా విభజించినవి. సూళ్లూరుపేట మీదుగా పోయి పులికాటు సరస్సును చూచినవారికి ఈ వర్ణన అపరిచితముగా తోచదు. అదియును మీటరు లోతు నీరే. అచటను ఉప్పునీరు, మంచినీరు కలిసి చేపలను పోషించును.

ఈ ఫ్లోరిడా అఖాతమున ఒక వృత్తి పుట్టి పెరిగినది. వల వేసి చేపలను పట్టి అమ్ముకొనువాని వృత్తి కాదది. గాలపు వేటయందు ఆసక్తి గల ఒకరినో ఇద్దరినో చిన్న పడవలో ఎక్కించుకొని, చేప ఉన్న తావునకు తీసికొనిపోయి, దానిని చూపించి, గాలము వేయించి, సాయంకాలమునకు తిరిగి ఒడ్డు చేర్చువాని వృత్తి. అచటివారు వానిని గైడు అందురు. వాడు అమ్మునది చేపను కాదు, చేప జాడను.

ఈ వృత్తికి దారి తెరచినది ఒక తుపానని చెప్పవచ్చును. కీస్ ద్వీపములను కలుపుచు కీ వెస్ట్ వరకు రైలుమార్గము 1912లో పూర్తి అయ్యెను. 1935 సెప్టెంబరున వచ్చిన ఘోరమైన తుపాను ఆ మార్గమును ధ్వంసము చేసెను. రైలు మరల నడువలేదు. ఆ రైలు వంతెనల మీదనే మోటారు రోడ్డు నిర్మించి 1938లో తెరచిరి. అంతట కార్లలో యాత్రికులు వచ్చుట ఆరంభమయ్యెను. ఇస్లమరాడా అను గ్రామమున గాలపువేట గైడులు స్థిరపడిరి. వారిలో జిమ్మీ ఆల్‌బ్రైట్ అను నతడు ప్రసిద్ధుడు. వేరువేరు మందముల రెండు దారములను జారిపోకుండ కలుపు ముడి ఒకటి నేటికిని అతని పేర చెల్లుచున్నది. బేస్‌బాల్ ఆటలో మేటియైన టెడ్ విలియమ్స్ వంటివారు ఇస్లమరాడాకు వచ్చి గాలము పట్టిరి. పేరుగలవారు వచ్చిన చోటికి పేరులేనివారును వత్తురు గదా!

గైడు విద్య యెట్టిదో కొంత నిదానముగా చూడవలెను. ఇది గుడ్డిగా గాలము వేసి కూర్చుండు వేట కాదు. చేపను కంటితో చూచి, దాని ముందు గాలము పడునట్లు విసరవలెను. నీరు లోతులేనిది కావున మోటారు చప్పుడు వినినంతనే చేప పారిపోవును. కనుక మోటారు నాపి, గైడు పడవ వెనుకభాగమున నిలిచి, సుమారు ఇరువది అడుగుల గెడతో పడవను నెమ్మదిగా త్రోయును. గోదావరి మీద గెడ వేయువారి చేతులకును ఈ చేతులకును భేదము లేదు. అయితే గోదావరి గెడ సరుకును గమ్యమునకు చేర్చుటకు. ఈ గెడ చప్పుడు లేకుండుటకు. గెడకొన రాతికి తగిలి టక్కుమన్నచో గంటసేపటి శ్రమ వ్యర్థమే. 1970ల దశకమున బిల్ కర్టిస్ అను గైడు మోటారు పైభాగమున చిన్న మంచె నొకటి అమర్చి, దానిపై నిలిచి గెడ వేయు పద్ధతిని తెచ్చెను. చేను కాయువాడు మంచె యెక్కునట్లు ఇతడు చేపను చూచుటకు మంచె యెక్కెనన్నమాట. ఎత్తునుండి చూచినచో నీటి తళుకు తగ్గి అడుగు స్పష్టముగా కనబడును. నేడు ఆ మంచె లేని గైడు పడవ అరుదు.

బోన్‌ఫిష్ అను చేప ప్రక్కలు అద్దమువలె ఉండును. చుట్టునున్న గడ్డిరంగే దాని మీద ప్రతిఫలించును. అందుచేత అలవాటుపడిన గైడు చేపను వెదకడు. అడుగున కదలు నీడను వెదకును. ఆ చేప తలక్రిందై రొయ్యలను, పీతలను త్రవ్వుకొని తినునపుడు తోక నీటిపైకి వచ్చి సూర్యకాంతిలో మెరయును. చేప కనబడినంతనే గైడు దిక్కును గడియారపు ముల్లుతో చెప్పును. పడవ ముక్కు పన్నెండు గంటలు. "పది గంటలు, నలువది అడుగులు" అనినచో ఎడమవైపున ముందుకు నలువది అడుగుల దూరమని అర్థము. ముందున నిలిచినవాడు రెండు మూడు నిమేషములలో అచట గాలము వేయవలెను. మబ్బు కమ్మినచో నీరు సీసపురేకువలె మారి ఏమియు కనబడదు. గాలి లేచినను అంతే. పూర్తి రుసుము చెల్లించి, దినమంతయు నిలిచి, ఒక్క చేపనైనను చూడక తిరిగి వచ్చువారు కలరు. ఆనాడు గైడు సంభాషణాచాతుర్యమునకు పరీక్ష.

అఖాతపు లోపలి గదులలో ఆటుపోటుల ప్రభావము స్వల్పము. నీటిని ఎక్కించునదియు దించునదియు ముఖ్యముగా గాలియే. ఏ దిక్కు గాలికి ఏ కట్టపై నీరు తగ్గునో ఎరుగనివాడు బురదలో చిక్కుకొని నీరు వచ్చువరకు కూర్చుండవలసినదే. నీటి రంగును బట్టి లోతు చెప్పుట ఇచట అక్షరాభ్యాసము వంటిది. గోధుమవన్నె గడ్డిదిబ్బకు గుర్తు. ఆకుపచ్చ కొంత సురక్షితము. పటములు ఉన్నవి, ఉపగ్రహముల సాయమును ఉన్నది. అయినను బురదకట్టల నడుమ ఇరుకు కాలువలను కన్నుతోనే పోల్చుకొనవలెను.

టార్పన్ అను చేప మరియొక లోకము. వంద కిలోలు దాటినవియు కలవు. పొలుసు అరచేతి వెడల్పున ఉండును. అది నీటిపైకి వచ్చి గాలి మ్రింగును. గాలము తగిలినంతనే నిలువెత్తు ఎగురును. అపుడు వేటకాడు ముందుకు వంగి గాలపుకఱ్ఱను చేప వైపు చాచి దారమును సడలింపవలెను. లేనిచో దారము తెగును. "నమస్కరింపుము" అని గైడు కేకవేయుట ఆచారము. ధనికుడైనను, అధికారియైనను చేపకు వంగి నమస్కరింపక తప్పని వేట ఇది యొక్కటే కాబోలు!

స్నూక్ అను చేపను చూచినచో కృష్ణా, గోదావరీ మండలములవారికి పండుగప్ప గుర్తునకు వచ్చును. రూపమున పోలికయే కాక స్వభావమునను ఒక పోలిక కలదు. రెండును మొదట మగవిగా పెరిగి, పెద్దవైన పిమ్మట ఆడవిగా మారును. కనుక పెద్ద చేపలను పట్టి తినివేసినచో మిగులునవి మగవే. ఈ జ్ఞానము నుండియే అచటి కొలతనిబంధన అర్థమగును. గల్ఫ్ వైపున 28 అంగుళములకు తక్కువైన స్నూకును విడువవలెను, 33 అంగుళములు మించినదానిని గూడ విడువవలెను. చిన్నది ఇంకను పిల్లలు పెట్టలేదని, పెద్దది తల్లియని. స్నూకును అమ్ముటను ఫ్లోరిడా 1957లోనే నిషేధించెను. ఎఱ్ఱచేప చరిత్ర ఇంకను వింతయైనది. 1980ల దశకమున న్యూ ఆర్లియన్సులోని పాల్ ప్రూడమ్ అను వంటవాడు దానిని మసాలా పట్టించి ఇనుపపెనముపై నల్లగా కాల్చు వంటకమును ప్రచారము చేసెను. దేశమంతట భోజనశాలలు దానినే అడిగినవి, గల్ఫ్‌లో పెద్ద వలలు పడినవి, చేప క్షీణించెను, ప్రభుత్వములు వేటను కట్టడి చేయవలసి వచ్చెను. ఒక పెనము ఒక సముద్రమును ఖాళీ చేయగలదని అపుడు తెలిసెను.

ఇక నిబంధనల మాట. ప్రభుత్వ సేవలో ఉన్న శ్రోతలకు ఇది కొంత రుచించవచ్చును. ఫీజు తీసికొని మనుష్యులను పడవలో ఎక్కించుకొనువాడు అమెరికా తీరరక్షకదళపు పరీక్షలో ఉత్తీర్ణుడై లైసెన్సు పొందవలెను. ఆరుగురు ప్రయాణికులకు మించకుండ నడుపు ప్రాథమిక లైసెన్సుకైనను 360 దినముల నౌకానుభవము చూపవలెను. అఖాతములో అధికభాగము ఎవర్‌గ్లేడ్స్ జాతీయోద్యానవనమునకు చేరినది. ఆ ఉద్యానవనము 1947 డిసెంబరున ట్రూమన్ అధ్యక్షుని చేత ప్రారంభింపబడెను. కావున దాని అనుమతిపత్రము వేరుగ కావలెను. రాష్ట్రపు చేపల నిబంధనలు మరియొక దొంతర. మూడు ప్రభుత్వ శాఖలు ఒక గెడను పట్టుకొని ఉన్నవని చెప్పినను తప్పులేదు.

ఈ నిబంధనలలో ఒకటి ఈనాటికిని ఆలోచింపదగినది. 1985 డిసెంబరు 31 తో ఉద్యానవనములో అమ్మకపు చేపలవేట సమాప్తమయ్యెను. తరతరములుగా వల వేసి, పీతబుట్టలు పెట్టి బ్రతికినవారు వెలికి పోయిరి. గైడులు మిగిలిరి. చేప సంతతి క్షీణించుచున్నదన్న భయము అకారణమైనది కాదు. వల ఒక్క దినమున తీయగలిగినంత గాలము తీయజాలదు. అయినను వలవానికి అది అన్నము, గాలపువానికి వినోదము. వినోదము నిలిచి అన్నము తొలగుట న్యాయమా అను ప్రశ్న ఆనాడే పుట్టినది. 1994లో ఫ్లోరిడా ప్రజలు ఓటు వేసి రాష్ట్రమంతట తీరజలములలో చిక్కువలలను నిషేధించినపుడు అదే ప్రశ్న మరింత బిగ్గరగా వినబడెను. ఇచట పులికాటు దక్షిణభాగమున జాలరులు పాటించిన "పాడు" పద్ధతి జ్ఞప్తికి తగినది. వేటతావులను గుర్తించి, చీట్లు వేసి, వంతుల ప్రకారము కుటుంబములకు పంచుట ఆ పద్ధతి. దానిలోను వెలి యయినవారు కలరు. అది దోషరహితము కాదు. కాని నీరు కొలదిగ ఉన్నచోట ఎవరి వంతు ఎంత అని అడుగుట ఒక్క ఫ్లోరిడాకే చెందినది కాదు.

మిగిలిన గైడులకు సుఖమైనను చిరకాలము దక్కలేదు. చేపలను కాపాడు చట్టములు ఉన్నను, చేపలకు ఇల్లైన గడ్డిని కాపాడు నీరు తగ్గిపోయెను. పూర్వము ఓకీచోబీ సరస్సు నుండి మంచినీరు విశాలమైన పలుచని ప్రవాహముగా గడ్డినేలల మీదుగా మెల్లమెల్లగా దక్షిణమునకు జారి అఖాతమును చేరెడిది. మార్జొరీ స్టోన్‌మన్ డగ్లస్ అను రచయిత్రి 1947లో ప్రచురించిన గ్రంథమున దానిని గడ్డినది యని పేర్కొనెను. 1928లో పూర్తియైన టామియామి రోడ్డు ఆ ప్రవాహమునకు అడ్డుకట్టయై నిలిచెను. 1947 నాటి వరదల పిమ్మట 1948లో ఆరంభమైన కాలువలు, కట్టలు నీటిని తూర్పు పడమరలకు మళ్లించెను. పట్టణములకు, చెరకు చేలకు మేలు కలిగెను. అఖాతమునకు మంచినీరు కరవయ్యెను.

1987 వేసవిలో తాబేటిగడ్డి గుంపులు గుంపులుగా చావనారంభించెను. సుమారు 4,000 హెక్టారులలో గడ్డి పూర్తిగా నశించెను. మరి 23,000 హెక్టారులలో దెబ్బతినెను. వేడి, అత్యధికమైన ఉప్పదనము, ప్రాణవాయువు కొఱత, బురదలో పుట్టు విషపదార్థములు కలిసి ఆ పని చేసినవి. గడ్డివేళ్లు విడిచిన బురద నీటిలో కలిసి, తరువాతి సంవత్సరములలో నాచు పెరిగి, అద్దమువంటి నీరు పప్పునీరుగా మారెను. చేపను చూచి పట్టు విద్యకు కన్ను పోయినట్లే. 2015లో వానలు తప్పినపుడు అదే విపత్తు మరల సంభవించెను. సముద్రజలమున ఉప్పు వేయింటికి 35 పాళ్లు కాగా, అపుడు కొన్ని గదులలో 60 పాళ్లు దాటెను.

అపుడు గెడ పట్టిన చేతులు వినతిపత్రములు పట్టెను. 2016లో ఫోర్ట్ మయర్స్ ప్రాంతపు ఇద్దరు గైడులు శుద్ధజలము కొఱకు ఒక సంఘమును స్థాపించిరి. వేట మానుకొని గైడులు రాష్ట్ర రాజధానియైన టలహసీకి పోయి శాసనసభ్యులను కలిసిరి. ఓకీచోబీకి దక్షిణమున నీరు నిలుపు పెద్ద జలాశయమునకు 2017లో శాసనమయ్యెను. 2000 నాటి ఎవర్‌గ్లేడ్స్ పునరుద్ధరణ ప్రణాళిక అప్పటికి కాగితములపైనే ఎక్కువగా ఉండెను. టామియామి రోడ్డును మాత్రము ఒక మైలు మేర 2013 నాటికి వంతెనగా ఎత్తిరి. 2019లో రెండు మైళ్లకు పైగా మరి కొంత ఎత్తిరి.

గైడులును నింద లేనివారు కారు. లోతు చాలని చోట మోటారు త్రిప్పినచో దాని రెక్క గడ్డినేలను నాగలివలె దున్నును. ఆ చాలు మానుటకు పెక్కేండ్లు పట్టును. 2011లో స్నేక్ బైట్ అను భాగమున ఇంధనపు మోటారు నడుపరాదని, గెడతోనో విద్యుత్తుతో నడుచు చిన్న మోటారుతోనో పోవలెనని ఉద్యానవనాధికారులు నిర్ణయించిరి. సణిగినవారు లేకపోలేదు, మైళ్లకొలది గెడ వేయుట భుజమునకు తెలియును. కాని నిశ్శబ్దము చేపను దగ్గర చేయును గనుక గైడులకు అది నష్టమని చెప్పుట కష్టము.

2010 జనవరిలో అసాధారణపు చలి వచ్చి స్నూకులు లెక్కకు మించి చనిపోయెను. గల్ఫ్ వైపున వాని వేటను 2013 వరకు మూసివేసిరి. 2022లో వెలువడిన పరిశోధనలో దక్షిణ ఫ్లోరిడాకు చెందిన 93 బోన్‌ఫిష్‌లను పరీక్షింపగా ఒక్కొక్క దానిలో సగటున ఏడు మందుల జాడలు కనబడెను, ఒకదానిలో పదునేడు. రక్తపుపోటు మాత్రలు, మనోవ్యాధి మాత్రలు పట్టణపు మురుగునీటి ద్వారా చేపను చేరుచున్నవి.

నేడు బోన్‌ఫిష్‌ను ఫ్లోరిడాలో పట్టినవాడు విడిచియే తీరవలెను. ఈ నియమము 2013 నుండి అమలున ఉన్నది. నలువది అంగుళములు మించిన టార్పన్‌ను నీటినుండి పైకెత్తనైనను రాదు. గైడు పడవ ప్రక్కన వంగి, చేతులు తడిపి, గాలము ఊడదీసి, చేపను నీటిలోనే నిలువుగా పట్టుకొనును. మొప్పలు బాగుగ ఆడి, తోక దానంతట అది కొట్టుకొన్న పిమ్మట చేయి వదలును. ఈలోగా సొరచేప నీడ కనబడినచో చేపను వదలడు. పడవను మరియొక తావునకు నడపించును.