ముందు ఊపిరి, తర్వాతే మత్తు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ప్రభుత్వాసుపత్రుల్లో మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. మత్తు ఇవ్వడమే మా పని అనుకుంటారు చాలామంది. అసలు పని రోగి ఊపిరికి కాపలా కాయడం. గొంతుకు దెబ్బ తగిలిన కేసుల్లో ఈ సంగతి బాగా తెలుస్తుంది.

స్కూటరు వెనుక కూర్చున్న ఒక అమ్మాయి చున్నీ చక్రంలో పడి మెడకు బిగుసుకుంది. తీసుకొచ్చేసరికి స్పృహలోనే ఉంది గానీ గొంతు బొంగురుపోయింది. మెడ వాచింది, వేలితో నొక్కితే చర్మం కింద చిటపటమంటోంది. శ్వాసనాళం చిట్లి గాలి బయటికి పాకుతోందన్నమాట. "పిల్ల అంత బాధపడుతుంటే మత్తు ఇవ్వరేమండీ?" అని తండ్రి నిలదీశాడు. కన్నతండ్రి, అడగడా మరి! కానీ మెలకువలో ఉన్నంతసేపు కండరాల బిగువే ఆ చిట్లిన నాళాన్ని పట్టి ఉంచుతుంది. కండరాలు సడలించే మందు పడితే కొసలు విడిపోవచ్చు. మాస్కు పెట్టి గాలి గట్టిగా ఊదితే చిరుగులోంచి మెడలోకి ఎక్కుతుంది. గొట్టాన్ని గుడ్డిగా తోస్తే దారి తప్పుతుంది. అందుకని ఆమెను తనంత తాను ఊపిరి తీసుకోనిస్తూ, మెడకు తిమ్మిరి ఇంజెక్షను మాత్రమే ఇచ్చి, దెబ్బకు దిగువన సర్జను రంధ్రం చేసి గొట్టం అమర్చారు. ఆ తర్వాతే మత్తిచ్చాను. అమ్మాయి బతికింది. ఇప్పుడు కొన్ని కేసుల్లో సన్నని కెమెరాతో లోపల చూసుకుంటూ గొట్టాన్ని చిరుగు దాటించే వీలు కూడా ఉంది.

మా విద్యకు ఇలాంటి గాయాలే గురువులు. మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికులకు ఇంగ్లండులోని సిడ్‌కప్‌లో గిల్లీస్ ఆపరేషన్లు చేసేవారు. ముఖం మీద మాస్కు ఉంటే కత్తికి చోటేదీ? అక్కడే మగిల్, రోబోథమ్ అనే ఇద్దరు శ్వాసనాళంలో గొట్టం వేసి మత్తిచ్చే పద్ధతిని తీర్చిదిద్దారు. మగిల్ పేరిటి పటకారు నేటికీ మా ట్రేలో ఉంటుంది.

నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించినా, సంక్రాంతికి మెడలు కోసుకుంటూనే ఉన్నాయి. మెడకు దెబ్బ తగిలినవాడు నడిచొచ్చాడు కదా అని ఇంటికి తీసుకుపోకండి. గొంతు మారినా, నెత్తురు దగ్గినా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. వాపు గంటల తర్వాత కూడా పెరగవచ్చు. లేచి కూర్చుంటేనే ఊపిరాడుతోందంటే బలవంతాన పడుకోబెట్టకండి. మంచినీళ్ళు, కాఫీ పట్టకండి. ఎప్పుడు తిన్నాడు, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నాడా అన్నది చెప్పగలిగే మనిషి ఒకరు వెంట ఉండాలి. మన వయసువాళ్ళైతే కట్టుడు పళ్ళ సంగతి కూడా!