పాత రోడ్డుకు మార్కులు వేయాల్సింది ఎవరు?

(ఆదివాసీ యువత శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగం. చదువుకోవడానికి వీలుగా కొద్దిగా సవరించాం.)

 

రోడ్డు కోసం మనం చేసిన పోరాటాలు మీకు నేను చెప్పక్కర్లేదు. డోలీ మోసిన భుజాలు ఇక్కడ చాలా ఉన్నాయి. ఈరోజు నేను మాట్లాడేది రోడ్డు మంజూరైన తర్వాత సంగతి. ఆ పని ఎవరి చేతికి పోతుంది? వాళ్లు ఇంతకు ముందు చేసిన పని ఎలా ఉందని ఎవరు చూస్తారు?

మీ మీ ఊళ్లలో చూసే ఉంటారు. ఒక కాంట్రాక్టర్ వేసిన రోడ్డు రెండు వర్షాకాలాలకే లేచిపోతుంది. కల్వర్టు గెడ్డలో కలిసిపోతుంది. మరుసటి ఏడాది పక్క పంచాయతీలో కొత్త రోడ్డుకు టెండర్ పిలిస్తే మళ్లీ అదే కాంట్రాక్టర్ జేసీబీ దిగుతుంది. అదేంట్రా అంటే, "లంచం ఇచ్చుంటాడు" అంటాం. ఉండొచ్చు, కాదనను. కానీ నేనొక మాట చెప్తాను. ఒక్క రూపాయి లంచం లేకపోయినా ఆ కాంట్రాక్టర్ పాసవుతాడు. పద్ధతే అలా ఉంది. ముందు అది అర్థం చేసుకోవాలి.

టెండర్‌లో మామూలుగా రెండు భాగాలుంటాయి. మొదటిది టెక్నికల్ బిడ్, రెండోది ప్రైస్ బిడ్. టెక్నికల్‌లో పాసైన వాళ్ల ప్రైస్ బిడ్లు మాత్రమే తెరుస్తారు. అందులో ఎవరు తక్కువకు కోట్ చేస్తే వాళ్లకే పని. దీన్నే ఎల్-1 అంటారు. అంటే కాంట్రాక్టర్ గతం గురించి మాట్లాడే చోటు మొదటి భాగం ఒక్కటే.

అక్కడ ఏం అడుగుతారు? గత అయిదేళ్లలో టర్నోవర్ ఎంత, ఇలాంటి పని ఎంత విలువది చేశావు, మిషన్లు ఏమున్నాయి, చేతిలో ఇంకా ఎన్ని పనులున్నాయి. వీటికి రుజువు ఇంజినీర్ ఇచ్చిన సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ ఎప్పటి మాట చెప్తుంది? పని పూర్తయిన రోజు మాట. ఏ రోడ్డయినా ఆ రోజే అందంగా ఉంటుంది. తారు నల్లగా మెరుస్తుంది. ఇంకా వాన పడలేదు, ఘాట్‌లో మట్టి జారలేదు, సంత రోజు జీపులు తిరగలేదు. ఆ రోజు రాసిన కాగితమే అయిదేళ్లు అనుభవంగా చెల్లుతుంది. ఎన్ని కోట్ల పని చేశాడో అందులో ఉంటుంది. మూడో వర్షాకాలానికి ఆ రోడ్డు మీద అంబులెన్స్ పోయిందా లేదా అన్నది అందులో ఉండదు.

మరి రూల్ లేదా? ఉంది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబర్ 25న మొదలైంది. ఆ రోడ్లకు వాడే స్టాండర్డ్ బిడ్డింగ్ డాక్యుమెంట్ చదవండి. అర్హతలన్నీ ఉన్నా సరే, పనులు మధ్యలో వదిలేయడం, సరిగా పూర్తి చేయకపోవడం, విపరీతంగా ఆలస్యం చేయడం లాంటి చెడ్డ రికార్డు ఉంటే ఆ బిడ్డర్‌ను అనర్హుడిగా ప్రకటించవచ్చని అందులో రాసి ఉంది. మనకు కావాల్సింది ఆ వాక్యమే. కానీ "రికార్డు ఉంటే" అన్నారు. ఆ రికార్డు ఎక్కడుంది? ఎవరు రాశారు?

అదే పథకంలో, పని పూర్తయ్యాక అయిదేళ్లు ఆ రోడ్డును బాగుచేసే బాధ్యత కూడా వేసిన కాంట్రాక్టర్‌దే. రోడ్డు మొదట్లో ఉండే బోర్డు మీద ఆ వివరాలుంటాయి, ఆగి చదవండి. తనిఖీలు కూడా మూడు అంచెల్లో ఉంటాయి. పని చేయించే శాఖ ఒకటి, రాష్ట్ర క్వాలిటీ మానిటర్లు రెండు, జాతీయ క్వాలిటీ మానిటర్లు మూడు. కాబట్టి ప్రభుత్వం దగ్గర సమాచారం అసలు లేదని కాదు. అది వచ్చే టెండర్ బల్ల మీదకు దానంతట అది నడిచి రాదు. ఒక రోడ్డు పంచాయతీరాజ్ వేస్తుంది, ఇంకోటి గిరిజన సంక్షేమ ఇంజినీరింగ్, మరొకటి ఆర్ అండ్ బీ. ఒక శాఖలో నోటీసులు తిన్న మనిషి ఇంకో శాఖకు కొత్త పెళ్లికొడుకులా వెళ్లొచ్చు. కేంద్ర నిబంధనల్లో కూడా ఒక మంత్రిత్వ శాఖ పెట్టిన నిషేధం మామూలుగా ఆ శాఖ వరకే. అన్నింటికీ వర్తించాలంటే ఆర్థిక శాఖలోని వ్యయ విభాగం ఆదేశం కావాలి.

ఇంకో తిరకాసు ఉంది. బోర్డు మీద పేరు ఒకరిది, కొండ మీద పని చేసేది ఇంకొకరు. సబ్ కాంట్రాక్ట్ మీద సబ్ కాంట్రాక్ట్. మన ఊరి పని ముఖమే చూడని వాడికి అనుభవం సర్టిఫికెట్ వస్తుంది. సిమెంట్ తగ్గించిన వాడి పేరు ఏ కాగితంలోనూ ఉండదు.

ఇక్కడ న్యాయంగా కూడా మాట్లాడుకోవాలి. పని ఆగిన ప్రతిచోటా కాంట్రాక్టర్‌దే తప్పు కాదు. బిల్లులు నెలల తరబడి రాక ఆపేసిన పనులున్నాయి. అటవీ అనుమతి రాక ఆగినవి ఉన్నాయి. ఎల్-1 కోసం ఎస్టిమేట్ కంటే బాగా లెస్‌కు కోట్ చేసి, తర్వాత కంకరలో, క్యూరింగ్‌లో మిగుల్చుకున్నవీ ఉన్నాయి. ఈ మూడూ ఒకటి కాదు. మన రికార్డులో తేడా కనిపించాలి.

కోపంతో రాసిన అర్జీ ఎందుకు నిలబడదో కూడా చెప్తాను. బ్లాక్‌లిస్ట్‌లో పెట్టే ముందు ఆ మనిషికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వాలని 1974లోనే ఎరూసియన్ ఎక్విప్‌మెంట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నిన్ను బ్లాక్‌లిస్ట్ చేయబోతున్నామని నోటీసులోనే స్పష్టంగా తెలియాలని 2014లో గోర్ఖా సెక్యూరిటీ కేసులో చెప్పింది. అది సరైనదే. రేపు మన ఆదివాసీ కాంట్రాక్టర్ మీద ఎవరో కక్షతో ఫిర్యాదు చేస్తే మనకూ ఆ రక్షణ కావాలి. కాబట్టి "నాసిరకం పని, చర్య తీసుకోండి" అని ఒక్క వాక్యం రాస్తే చాలదు. తేదీ, చోటు, ఫొటో, ఎవరికి చెప్పాం, ఏం జవాబొచ్చింది. ఇవి ఉంటేనే అధికారి నోటీసు ఇవ్వగలరు, ఆ నోటీసు కోర్టులో నిలబడుతుంది.

అమెరికా ఫెడరల్ ప్రభుత్వంలో పెద్ద కాంట్రాక్టుల పనికి నాణ్యత, గడువు, ఖర్చు లాంటి అంశాల మీద అయిదు స్థాయిల గ్రేడు ఇచ్చే పద్ధతి ఉంది. కాంట్రాక్టర్ తన జవాబు రాసుకోవచ్చు. తర్వాతి టెండర్లలో ఆ గ్రేడులు చూస్తారు. అయితే అక్కడా గ్రేడు రాసేది అధికారే. ఆ పని వాడుకునే జనం మాట కూడా లెక్కలోకి రావాలని మనం అడుగుతున్నాం. అలా అడగడానికి మన చేతిలో చట్టం ఉంది.

1996 పీసా చట్టం సెక్షన్ 4 చదవండి. గ్రామ స్థాయి ప్రణాళికలను, పనులను అమలుకు ముందు గ్రామసభ ఆమోదించాలి. ఆ పనులకు పంచాయతీ ఖర్చు చేసిన నిధులకు వినియోగ ధ్రువీకరణ గ్రామసభ దగ్గరే తీసుకోవాలి. మన ఊళ్లలో ఆ కాగితం మీద సంతకాలు ఎలా జరుగుతున్నాయో మీకు తెలుసు. రిజిస్టర్ ఇంటికి తెచ్చి వేలిముద్రలు వేయించుకుని పోతారు. ఇకనుంచి పని చూడకుండా, చర్చ లేకుండా ఆ సంతకం పడకూడదు. పంచాయతీవి కాని పనుల మీద కూడా గ్రామసభ తీర్మానం చేసి పంపొచ్చు. దాన్ని ఎవరూ ఆపలేరు.

రెండోది సమాచార హక్కు చట్టం, 2005. కాగితాలు అడగడానికే అనుకోకండి. సెక్షన్ 2(జె) ప్రకారం పనిని తనిఖీ చేయొచ్చు, వాడిన సామగ్రి శాంపిల్ ధ్రువీకరించి ఇవ్వమని అడగొచ్చు. ఎస్టిమేట్, అగ్రిమెంట్, ఎం-బుక్, క్వాలిటీ కంట్రోల్ రిపోర్ట్, ఈ నాలుగూ అడగండి. ఎం-బుక్‌లో ఎన్ని అంగుళాల మందం రాశారు, రోడ్డు మీద ఎంత ఉంది అని కొలిచి చూస్తే డిగ్రీ అక్కర్లేకుండా లెక్క తేలుతుంది.

ఇప్పుడు పని. ప్రతి గూడెంలో ఒక నోట్‌బుక్ పెట్టండి. రోడ్డు, బడి బిల్డింగ్, మంచినీళ్ల ట్యాంక్, ఒక్కో పనికి రెండు పేజీలు. మొదటి పేజీలో పని పేరు, శాఖ, అగ్రిమెంట్ నంబర్, బోర్డు మీద కాంట్రాక్టర్ పేరు, నిజంగా పని చేసిన వాళ్ల పేరు, మొదలైన తేదీ, పూర్తయిన తేదీ. రెండో పేజీలో ప్రతి వర్షాకాలం ముందు, తర్వాత ఏమైందో. కూలి ఇచ్చారా లేదా కూడా రాయండి, అది కూడా గతమే. బాగా చేసిన పనిని బాగుందని రాయండి. అప్పుడే చెడ్డదని రాస్తే నమ్ముతారు. ఏడాదికొకసారి గ్రామసభలో చదివి వినిపించి తీర్మానం చేయండి. అమ్మలు, నాయనమ్మలు చెప్పింది కూడా రాసుకోండి. ఏ చోట నీళ్లు పొంగుతాయో ఇంజినీర్ కంటే వాళ్లకే బాగా తెలుసు.

ఆ కాగితం ఎప్పుడు ఇవ్వాలన్నది ముఖ్యం. రెండు సమయాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, పాత పనికి కాంట్రాక్టర్ కట్టిన డిపాజిట్ తిరిగి ఇచ్చే ముందు. రెండు, కొత్త టెండర్‌లో టెక్నికల్ బిడ్లు పరిశీలించే ముందు. ప్రైస్ బిడ్ తెరిచాక పోతే చాలా ఆలస్యమైనట్టే. టెండర్ పిలిచిన ఇంజినీర్‌కు, ఐటీడీఏ పీఓకు, కలెక్టర్‌కు తీర్మానం ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు లేని అర్జీ ఇవ్వనట్టే లెక్క.

చివరిగా, కాంట్రాక్టు పనుల్లోకి రావాలనుకునే మన తమ్ముళ్ల గురించి. అనుభవం అడిగే నిబంధన మనకే మొదట అడ్డం పడుతుంది. చెడగొట్టిన వాడికి అనుభవం ఉంది, అవకాశమే రాని మన వాడికి లేదు. కేంద్రం 2017 ఆర్థిక నిబంధనల్లో స్టార్టప్‌లకు పాత టర్నోవర్, పాత అనుభవం సడలించవచ్చని, నాణ్యత మాత్రం తగ్గకూడదని పెట్టారు. ఏజెన్సీలో చిన్న పనులకు ఆదివాసీ యువత సంఘాలకూ అదే న్యాయం అడుగుదాం. మనవాడు చేసిన పనికి కూడా అదే నోట్‌బుక్, అవే రెండు పేజీలు. అందులో చుట్టరికం ఉండకూడదు.

2023 నవంబర్ 15న మొదలైన పీఎం జన్‌మన్ కింద చెంచు, కొండరెడ్డి, కొండ సవర, కోలామ్ లాంటి తెగల ఆవాసాలకు దేశం మొత్తం మీద 8,000 కిలోమీటర్ల రోడ్లు లక్ష్యంగా పెట్టారు. మన తాతలు చూడని రోడ్లు అవి. ఒక్కసారి పాడైతే మళ్లీ ఎన్నేళ్లకు మంజూరవుతాయో చెప్పలేం. అందుకే ఈ వర్షాకాలం లోపు ప్రతి గూడెంలో నోట్‌బుక్ మొదలు కావాలి. మొదటి పేజీ మీ ఊరికి వచ్చిన ఆఖరి రోడ్డుతో మొదలుపెట్టండి.

జోహార్. జై ఆదివాసీ.