రాత మనది, ప్రతి ఎవరి దగ్గర?

(స్త్రీల సంఘాల కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ శిబిరంలో నాకిచ్చిన అంశం, బ్లాగు రాసి ప్రచురించడానికి మన కంప్యూటర్లో ఏ సాఫ్ట్‌వేరు పెట్టుకోవాలి అన్నది. నేను కంప్యూటరు నిపుణురాలిని కాను, చదివింది సమాజశాస్త్రం. అయినా ఒప్పుకున్నాను, ఎందుకంటే ఇది నిపుణులకి వదిలేయాల్సిన విషయం కాదని నా అభిప్రాయం. ఇంట్లో బీరువా తాళాలు ఎవరి దగ్గర వుండాలన్నది తాళాలు చేసేవాడు తేల్చే సంగతి కాదు కదా.

మన సంఘాల్లో మామూలుగా జరిగేది మీకు తెలుసు. ఒక కార్యకర్త ఊళ్ళోనో బస్తీలోనో ఒక స్త్రీతో గంటసేపు మాట్లాడి, నోటుబుక్కులో రాసుకుని వస్తుంది. ఆఫీసులో కూర్చుని నేరుగా బ్లాగు తెరిచి, అక్కడ కనిపించే పెట్టెలోనే టైపు చేయడం మొదలుపెడుతుంది. మధ్యలో కరెంటు పోతుంది, లేదా నెట్ పోతుంది. సగం రాత గల్లంతు. దీన్ని మనం సాంకేతిక ఇబ్బంది అనుకుని సర్దుకుపోతాం.

నిజానికి అంతకంటే పెద్ద విషయం ఆ పెట్టెలో జరుగుతోంది. ఆమె టైపు చేసే మాటలు, ఇంకా పేర్లు తీసేయకముందే, మనది కాని కంప్యూటర్లోకి వెళ్ళిపోతున్నాయి. వర్డ్‌ప్రెస్‌లో చిత్తుప్రతి దానంతటదే సేవ్ అవుతూ వుంటుంది. పాత రూపాలు రివిజన్లుగా నిలవుంటాయి. సాయంత్రం మీరు జాగ్రత్తగా పేరు మార్చి, ఊరు తీసేసి ప్రచురించినా, పొద్దున రాసిన రూపంలో అసలు పేరు, అసలు ఊరు అట్లాగే వుండే అవకాశం వుంది. ఎడిటర్ హోదాతో లాగిన్ వున్నవాళ్ళెవరైనా వెనక్కి తిప్పి చూడొచ్చు.

ఇది చాదస్తం కాదు. అత్యాచారానికి గురైన స్త్రీ ఎవరో బయటపెట్టడం నేరమంటూ 1983లో భారత శిక్షాస్మృతిలో 228ఎ సెక్షన్ చేర్చారు. 2024 జూలై 1 నుంచి అదే నియమం భారతీయ న్యాయ సంహితలో 72వ సెక్షన్‌గా వుంది. రెండేళ్ళదాకా జైలు శిక్ష పడవచ్చు. పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం 23వ సెక్షన్ వుంది. 2018 డిసెంబరులో నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, పేరొక్కటే కాదు, ఆమెని గుర్తుపట్టేందుకు దారితీసే ఏ వివరమూ బయటికి రాకూడదంది. ఊరు, కులం, భర్త ఉద్యోగం, బడి పేరు కలిపితే మన పల్లెల్లో ఇక పేరెందుకు? చట్టం మాట్లాడేది ప్రచురణ గురించే, నిజమే. కానీ ఆ పెట్టెలో చిత్తుకీ ప్రచురణకీ మధ్య వున్న దూరం ఒక్క మీట. పొరపాటున నొక్కితే దాని ఫలితం అనుభవించేది టైపు చేసిన మనం కాదు, నమ్మి చెప్పిన ఆమె.

కాబట్టి డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేరు అని నేను పట్టుబట్టేది సౌకర్యం కోసం మాత్రమే కాదు. రాయడం ఒకచోట, ప్రచురించడం ఇంకోచోట జరగాలి. మొదటి ప్రతి మన కంప్యూటర్లో, నెట్‌తో సంబంధం లేకుండా తయారవ్వాలి. ఇంకొకరు చదివి, పేర్లు, ఆనవాళ్ళు తీసేశాకే బయటికి వెళ్ళాలి.

ఫోన్లో రాస్తే చాలదా అని నిన్న ఒకరు అడిగారు. రాయొచ్చు, చాలామంది రాస్తున్నారు. అయితే మన ఇళ్ళల్లో ఎంతమంది స్త్రీల ఫోన్లు వాళ్ళ సొంతం? భర్త చూస్తాడు, కొడుకు చూస్తాడు, పాస్‌వర్డు చెప్పకపోతే ఏం దాస్తున్నావంటారు. సంఘం ఆఫీసులోని కంప్యూటరు కనీసం ఆ గుమ్మానికి ఇవతల వుంటుంది.

సాఫ్ట్‌వేరు పేర్లకి వెళ్ళేముందు తెలుగు అక్షరం గురించి చెప్పాలి, ఎందుకంటే సాఫ్ట్‌వేరు ఏదైనా ఇక్కడ తప్పితే అన్నీ తప్పుతాయి. మన పాత పత్రికలు, కరపత్రాలు, నివేదికలు చాలావరకు పేజ్‌మేకర్లో అను ఫాంట్లతో కంపోజు చేసినవి. అను పాత పద్ధతిలో తెరమీద కనిపించేది తెలుగు, లోపల వుండేది ఇంగ్లీషు అక్షరాల స్థానాలు. ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థం లేని గుర్తుల కుప్ప కనిపిస్తుంది. వెతికితే దొరకదు. చూపులేని స్త్రీలు వాడే ఎన్‌వీడీఏ లాంటి చదివి వినిపించే సాఫ్ట్‌వేరు దాన్ని తెలుగుగా చదవలేదు. అంటే ఇరవై, ముప్ఫై ఏళ్ళ స్త్రీల రాత ఒక ఫాంటు కంపెనీ తాళంలో వుండిపోయింది. అందుకని రాసేది ఏదైనా యూనికోడ్‌లోనే రాయండి. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగు వుంది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీతోనే గౌతమి ఫాంటు వచ్చింది. 2019 నుంచి విండోస్ 10లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టే కీబోర్డు కూడా లోపలే వుంది. డీటీపీ అలవాటున్నవాళ్ళు కొత్త కీబోర్డు అంటే చిరాకు పడతారు. పడనివ్వండి, రెండు వారాలు. పాత అను ఫైళ్ళని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలున్నాయి, కానీ వొత్తుల దగ్గర, గుణింతాల దగ్గర తప్పులు వస్తాయి. తెలుగు బాగా వచ్చినవాళ్ళు కూర్చుని దిద్దాల్సిందే. ఇది జీతం ఇవ్వాల్సిన పని. మన ప్రాజెక్టు బడ్జెట్లలో దీనికి పద్దు వుండదు, ఇంటిపని లాగా ఎవరో చేసేస్తారనుకుంటాం.

ఇక సాఫ్ట్‌వేరు. విండోస్ వాడే పాత బ్లాగర్లకి లైవ్ రైటర్ గుర్తుండే వుంటుంది. మైక్రోసాఫ్ట్ 2007లో విడుదల చేసింది. నెట్ లేకుండా రాసుకుని, బొమ్మలు సర్దుకుని, ఒకేసారి పంపొచ్చు. ఎందరో ఇష్టంగా వాడారు. 2012 తర్వాత దానికి కొత్త రూపం రాలేదు. 2017 జనవరిలో ఇవ్వడమే మానేశారు. అదృష్టం ఏమిటంటే 2015 డిసెంబరులోనే దాని లోపలి కోడ్‌ని అందరికీ తెరిచి, ఓపెన్ లైవ్ రైటర్ అనే పేరుతో స్వచ్ఛంద కార్యకర్తలకి అప్పగించారు. ఉచితంగానే దొరుకుతుంది. కానీ 2017 తర్వాత దాని పని బాగా మందగించింది. 2019లో గూగుల్ పికాసా ఫొటోల తలుపు మూసేసరికి, బ్లాగర్ బ్లాగులకి దీన్నుంచి బొమ్మలు పంపడం దెబ్బతింది. ఇంకొకటి, ఇది దాచే చిత్తు ఫైళ్ళు డబ్ల్యూ-పోస్ట్ అనే సొంత రూపంలో వుంటాయి. వేరే సాఫ్ట్‌వేరులో తెరవడం కష్టం. మన దగ్గర వున్నా మన చేతిలో లేనట్టే. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు వాడండి, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి మాత్రం నేను చెప్పను. మాక్ కంప్యూటరున్నవాళ్ళకి మార్స్‌ఎడిట్ వుంది. డబ్బిచ్చి కొనాలి, పని మాత్రం శుభ్రంగా చేస్తుంది. మన ఆఫీసుల్లో మాక్ ఎక్కడుంది గనక!

వర్డ్‌లో 2007 రూపం నుంచి బ్లాగుకి నేరుగా పంపే ఏర్పాటు వుంది. నాకు నచ్చదు. వర్డ్ తన సొంత అలంకారాలన్నీ వెంట మోసుకొస్తుంది, బ్లాగులో అక్షరాల సైజులు తలో దిక్కు పోతాయి. వర్డ్‌లో రాయడం తప్పేం కాదు. బ్లాగులో అతికించేటప్పుడు కంట్రోల్, షిఫ్ట్, వి మూడూ కలిపి నొక్కితే చాలా బ్రౌజర్లలో ఉత్త అక్షరాలే వస్తాయి. ఫైలు పంపాల్సొస్తే, దాని లోపల రాసినవాళ్ళ పేరు దాగి వుంటుందని గుర్తుంచుకోండి.

రాయడానికి నేను చెప్పేది లిబ్రె ఆఫీస్. 2010 నుంచి వుంది, ఉచితం. విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. తెలుగు మెనూలు కూడా పెట్టుకోవచ్చు. అది దాచే ఫైలు రూపం అంతర్జాతీయ ప్రమాణం, ఒక కంపెనీ ఆస్తి కాదు. ఎక్కువ అలంకారాలు అక్కర్లేనివాళ్ళు నోట్‌ప్యాడ్‌లో రాసుకున్నా సరిపోతుంది, సేవ్ చేసేటప్పుడు యూటీఎఫ్-8 ఎంచుకుంటే చాలు. అన్నిటికంటే ఎక్కువ కాలం బతికే ఫైలు అదే.

ప్రచురణకి రెండు దారులు. మీ సంఘానికి ఇప్పటికే వర్డ్‌ప్రెస్ సైటు వుంటే అక్కడే కొనసాగండి, సిద్ధమైన ప్రతినే అక్కడికి తీసుకెళ్ళండి. డెస్క్‌టాప్ నుంచి నేరుగా పంపాలంటే, 2020 డిసెంబరులో వచ్చిన 5.6 రూపం నుంచి వర్డ్‌ప్రెస్‌లో అప్లికేషన్ పాస్‌వర్డు అని ఒకటి వుంది. అసలు పాస్‌వర్డు చెప్పకుండా, ఒక్కో సాఫ్ట్‌వేరుకి ఒక్కో తాళం చెవి ఇవ్వొచ్చు. ఆ పని వదిలి ఎవరైనా వెళ్ళిపోతే ఆ ఒక్క చెవి రద్దు చేస్తే చాలు. పాత డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్లు ఎక్స్‌ఎంఎల్-ఆర్‌పీసీ అనే దారిలో వెళ్తాయి. దొంగ లాగిన్ల బెడద వల్ల కొన్ని హోస్టింగ్ కంపెనీలు ఆ దారి మూసేస్తున్నాయి, ముందే కనుక్కోండి.

కొత్తగా మొదలుపెట్టే చిన్న సంఘానికైతే పబ్లీ చూడమంటాను. ఇది ఉచిత, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేరు. సైటు మొత్తాన్ని మీ కంప్యూటర్లోనే తయారుచేసి, పూర్తయిన పేజీలని మాత్రమే పైకి పంపుతుంది. చిత్తు పైకి పోదు. పైన లాగిన్ పేజీ లేదు గనక, బ్లాగులోకి చొరబడేవాళ్ళకి ఆ తలుపే వుండదు. హోస్టింగ్ వాళ్ళు రేపు మూసేస్తే, అదే సైటుని ఇంకోచోటికి పంపుకోవచ్చు. లోటు కూడా వుంది. ఇది ఒక కంప్యూటరు, ఒక మనిషి అన్న లెక్కన తయారైంది. నలుగురు నాలుగు ఊళ్ళ నుంచి దిద్దడం కష్టం. ఆ ఒక్క కంప్యూటరు పాడైతే అంతా పోయినట్టే. దాన్లోనే బ్యాకప్ తీసే ఏర్పాటుంది, వారానికోసారి తీసి పెన్ డ్రైవులో వేసి, ఆ డ్రైవుని ఆఫీసులో కాకుండా వేరేచోట వుంచండి.

మూసేయడం అన్నది నేను భయపెట్టడానికి అనే మాట కాదు. జియోసిటీస్ 2009లో పోయింది. పోస్టరస్ 2013లో, ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో పోయాయి. మనలో చాలామంది మొదట తెలుగులో వాదించుకున్న యాహూ గ్రూపులు 2020లో పోయాయి. ఇరవై ఏళ్ళకి పైగా నడిచిన టైప్‌ప్యాడ్ 2025 సెప్టెంబరు 30న మూతపడింది. ప్రతిసారీ గడువు చెప్పారు. గడువు తెలుసుకునే స్థితిలో ఎవరున్నారన్నదే ప్రశ్న. ప్రాజెక్టు అయిపోయి, ఆ ఈమెయిలు చూసే మనిషే లేని సంఘానికి ఆ గడువు ఎవరు చెప్తారు?

నాకు తెలిసిన ఒక సంఘంలో బ్లాగు పాస్‌వర్డు సైటు చూసిపెట్టే ఒక కుర్రాడి దగ్గర మాత్రమే వుండేది. అతను ఉద్యోగం మారాడు, నంబరు మారింది. ఎనిమిదేళ్ళ రాత అందరికీ కనిపిస్తూనే వుంది, ఒక్క అక్షరం దిద్దడానికి లేదు. అందులో ఒక స్త్రీ తన కథ తీసేయమని అడుగుతోంది. పెళ్ళయింది, పిల్ల బడికి వెళ్తోంది, ఇప్పుడది వద్దంటోంది. ఒకప్పుడు రాతపూర్వకంగా అనుమతిచ్చిన మాట నిజమే. వెనక్కి తీసుకునే హక్కు ఆమెకి లేదా? వుందని మనమంతా ఒప్పుకుంటాం. తీసేయడానికి తాళం చెవి లేదు.

అందుకే సాఫ్ట్‌వేరు ఎంచుకునేటప్పుడు నేను ముందుగా చూసేది, రాసింది ఎంత సులువుగా పంపిస్తుందని కాదు, పంపింది ఎంత సులువుగా వెనక్కి తేగలం అని. వర్డ్‌ప్రెస్‌లో ఎక్స్‌పోర్ట్ అని వుంటుంది. బ్లాగర్ రాతలని గూగుల్ టేకౌట్ ద్వారా దింపుకోవచ్చు. అయితే వర్డ్‌ప్రెస్ ఎక్స్‌పోర్ట్ ఫైల్లో బొమ్మలుండవు, బొమ్మల చిరునామాలే వుంటాయి. సైటు మూతపడ్డాక ఆ చిరునామాలు పనికిరావు. బొమ్మలు విడిగా దాచుకోవాలి.

బొమ్మల గురించి ఒక్క మాట. ఫోన్లో తీసిన ఫొటోలో తీసిన తేదీ, చాలాసార్లు తీసిన స్థలం కూడా దాగి వుంటాయి. ముఖం చెరిపేసి, ఆశ్రయమిచ్చిన ఇంటి స్థలం పంపితే ఏం లాభం? విండోస్‌లో ఫొటో మీద కుడి మీట నొక్కి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ కింద ఆ వివరాలు తీసేసే ఏర్పాటు వుంది. పంపేముందు తీసేయండి.

పాస్‌వర్డులు కనీసం ఇద్దరు స్త్రీల దగ్గర వుండాలి. ఒక కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటించి, మినిట్స్ పుస్తకంతోపాటు దాచండి. కార్యవర్గం మారినప్పుడు బ్యాంకు సంతకాలు మార్చుకుంటాం కదా, ఆ రోజే ఇవీ మార్చుకోవాలని తీర్మానం రాసుకోండి.

భోజనాల తర్వాత ఇక్కడ నాలుగు కంప్యూటర్లు వుంటాయి. ఒక్కో సంఘం తమ బ్లాగు మొత్తాన్ని దింపుకుని, నెట్ తీసేసి, ఆ ఫైలు తెరుచుకుంటుందో లేదో చూద్దాం. లాగిన్ ఎవరి దగ్గర వుందో తెలియనివాళ్ళు, భోజనానికి వెళ్ళేముందే ఫోన్ చేసి కనుక్కోండి.