ఇంజను తిరుగకట్టించునపుడు రైతు అడుగవలసిన కొలతలు
(మిడుతూరు రైతుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



2022వ సంవత్సరములో మన మిడుతూరు మండలము కర్నూలు జిల్లా నుండి నంద్యాల జిల్లాలోనికి వచ్చినది. జిల్లా మారినది గాని మన నల్లరేగడి మారలేదు, దాని దుమ్మును మారలేదు. ఆ దుమ్ములో మన ట్రాక్టర్లు ఏటేటా దున్నుచున్నవి. ఏదో ఒకనాడు ఇంజను పొగ చిమ్మును, ఆయిలు త్రాగును, పొద్దున ఎంత తిప్పినను అందుకొనదు. అప్పుడు షాపుకు తోలుకొని పోయి, "బోరు చేయండి, క్రాంకు గ్రైండు చేయండి" అని అప్పజెప్పి వచ్చెదము. అక్కడ జరుగు పని ఏమో, అది సరిగా జరిగినదో లేదో తెలిసికొను మార్గమేమో నేడు మీతో ముచ్చటించదలచినాను.

మొదట ఒక సంగతి. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ వేయు ప్లగ్గు లేదు. జర్మనీలోని ఆగ్స్‌బర్గు నగరమున రుడాల్ఫ్ డీజిల్ 1897లో నడిపి చూపిన యంత్రము గాలిని గట్టిగా అదిమి, ఆ వేడితోనే చమురును మండించును. నేటి మన ఇంజనును అంతే. అదిమినప్పుడు గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడు దాటి కాగవలెను. పిస్టను ప్రక్క నుండి గాలి జారిపోయినచో ఆ వేడి పుట్టదు. ఇంజను అందుకొనదు, లాగదు. కాబట్టి సిలిండరుకు పిస్టనుకు మధ్య సందు ఎంత అనునదే దీని ప్రాణము.

ఆ సందును మనము గజముతోనో అడుగుబద్దతోనో కొలువలేము. షాపువారు మిల్లీమీటరులో నూరవ వంతును మైక్రోమీటరుతో కొలిచెదరు. పాత పనివారు "థౌ" అనునది అంగుళములో వెయ్యవ వంతు. మిల్లీమీటర్లలో అది 0.0254. మన తల వెంట్రుక మందము సుమారు 0.05 నుండి 0.1 మిల్లీమీటరు వరకు ఉండును. వెంట్రుకలో సగము తేడా వచ్చినను ఇంజను చెడునని గ్రహింపుడు.

సిలిండరు అంతటా ఒకే తీరున అరుగదు. పై భాగమున, మొదటి రింగు ఆగి తిరిగి వచ్చు చోట, వేడి ఎక్కువ, ఆయిలు తక్కువ. అందుచే అక్కడ అరుగుదల ఎక్కువ. కనెక్టింగు రాడ్డు వాలుగా నెట్టుట వలన ఒక ప్రక్క ఇంకను ఎక్కువ అరిగి గుండ్రన పోయి కోలగా మారును. కావున ఒక సిలిండరును పైన, నడుమ, క్రింద మూడు చోట్ల, ఒక్కొక్క చోట రెండు దిక్కులుగా కొలువవలెను. అనగా ఒక్క సిలిండరుకు ఆరు కొలతలు. మూడు సిలిండర్ల ట్రాక్టరుకు పదునెనిమిది. ఇవి తీయకయే క్రొత్త రింగులు వేసినచో, కోలగా ఉన్న బోరులో గుండ్రని రింగు ఎట్లు ఆనును? నెల తిరుగకముందే మరల పొగ మొదలగును.

ఇప్పుడు నేను కన్న ఒక సంగతి చెప్పెదను. కొన్ని సంవత్సరముల క్రితము నాకు తెలిసిన రైతు ఒకరు శనగ విత్తుటకు ముందు ట్రాక్టరు ఇంజను బోరు చేయించినారు. తోడుగా నేనును షాపుకు పోయితిని. పిస్టన్లు ఇంకను రాలేదు. పెట్టె మీద ఉండు సైజును బట్టి బోరు చేసి ఉంచినారు. "కొలిచినారా?" అని అడిగితిని. "కొలిచినాము" అన్నారు. ఎంత అని నేను అడుగలేదు.

అక్టోబరులో మంచి వాన పడినది. పదును చూచి ఆయన గొర్రు కట్టి చేలోనికి దిగినారు. మధ్యాహ్నమునకు ఇంజను మూలిగి, చేలో నడుమ బిగిసిపోయినది. విప్పి చూడగా ఒక పిస్టను ప్రక్కలు గీరుకొని సిలిండరుకు కరచుకొని ఉన్నది. చెడని సిలిండరును అప్పుడు కొలిచినాము. మేకరు పుస్తకములో 0.10 మి.మీ. సందు ఉండవలెనని ఉండగా, అందులో ఉన్నది 0.05 మాత్రమే. పిస్టను అల్యూమినియముది, సిలిండరు పోత ఇనుముది. వేడికి అల్యూమినియము ఇనుముకన్న సుమారు రెండింతలు సాగును. చల్లగా ఉన్నప్పుడు చక్కగా తిరిగిన పిస్టను, బరువు పడి కాగినప్పుడు పట్టివేయుట అందుచేతనే.

అదనులో అద్దె ట్రాక్టరు దొరుకలేదు. పది దినములు గడచి విత్తునప్పటికి నేల పైపొర ఆరినది. శనగ పలుచగా మొలచినది. "అయ్యా, ఇంజను కొత్తది చేయిస్తినని సంబరపడితిని. అదను నా చేతిలో నుంచి జారిపాయె" అని ఆయన అన్న మాట నేను మరువలేదు. "అదునెరిగి సేద్యం, పదునెరిగి పైరు" అని మన పెద్దలన్నారు. ఆ అదను పోవుటకు కారణము వెంట్రుక మందము కూడ లేని తేడా. "ఎంత" అను ఒక్క మాట నేను అడుగనందున ఆ తేడా బయటపడలేదు. ఆ మాట మీరు అడుగవలెననియే నేడు ఇక్కడికి వచ్చినాను.

ఇక అడుగవలసినవి ఏవో వినుడు.

మొదటిది: పిస్టన్లు చేతికి వచ్చిన తరువాతనే బోరు చేయించుడు. ఒక్కొక్క పిస్టనును కొలిచి, దానికి తగినట్లు దాని సిలిండరును చేయవలెను. బోరింగు మిషనుతో చివరి వరకు కోయరాదు. సుమారు 0.05 మి.మీ. మిగిల్చి, ఆ మిగిలినది హోనింగు రాళ్లతో తీయవలెను. హోనింగు అయిన బోరులోనికి చూచినచో గీతలు అడ్డదిడ్డముగా అల్లిన చాపవలె కనబడవలెను. ఆ గీతలలోనే ఆయిలు నిలుచును. అద్దమువలె మెరయు బోరు మంచిది కాదు.

రెండవది: హోనింగు తరువాత బోరును వేడి నీటితోను సబ్బుతోను బ్రష్షు పెట్టి కడుగవలెను. కిరసనాయిలుతో తుడిచిన చాలదు. రాతిపొడి గీతలలోనే ఉండిపోవును. తెల్లగుడ్డతో తుడిచి చూడుడు. గుడ్డ నల్లబడుచున్నంతవరకు మరల కడిగించుడు. పిమ్మట వెంటనే ఆయిలు పూయించుడు, లేనిచో త్రుప్పు పట్టును.

మూడవది: లైనర్లు మార్చు ఇంజను అయినచో, లైనరు అంచు బ్లాకుకన్న ఎంత పైకి ఉన్నదో కొలిపించుడు. అది మేకరు చెప్పినంత ఉండవలెను. క్రిందికి దిగినచో హెడ్డు గాస్కెటు బిగువు చాలక నీరును గాలియును కారును.

నాలుగవది: క్రాంకు. దీని జర్నల్లను గూడ కోల ఉన్నదేమో కొలువవలెను. గ్రైండింగు సాధారణముగా 0.25, 0.50, 0.75 మి.మీ. మెట్లుగా చేసి, అదే సైజు బేరింగులు వేసెదరు. ఒక మెట్టుతో సరిపోవు చోట రెండు మెట్లు తీయనీయకుడు. క్రాంకు ఆయుస్సు తగ్గును. జర్నలు మూలలో ఉండు వంపును గ్రైండింగులో పదునుగా కోసినచో, ఆ మూలనే పగులు మొదలై క్రాంకు విరుగును. గ్రైండింగు అయిన పిదప ఆయిలు రంధ్రములలోని ఇనుపపొడిని కడిగి, గాలి కొట్టించి తీయించుడు.

ఐదవది: ఈ కొలతలన్నియు ఒక కాగితము మీద వ్రాయించి తీసికొనుడు. చేయకముందు ఎంత, చేసిన తరువాత ఎంత, సందు ఎంత, రింగు మూతి ఎంత. పని తెలిసిన మెకానిక్కు దీనికి కోపపడడు. అతడు ఎట్లును వ్రాసికొనియే పని చేయును. పాత పిస్టన్లు, బేరింగులు కూడ ఇంటికి తెచ్చుకొనుడు. అవి ఎక్కడ అరిగినవో చూచినచో ఇంజను ఎందుకు చెడినదో తెలియును.

ఇంటికి వచ్చిన ఇంజనును క్రొత్త కోడెను కాడికి మరపినట్లు మరపవలెను. మొదటి 50 గంటలు లోతు దుక్కి, బరువు ట్రాలీ వలదు. అట్లని ఊరక నిలిపి గంటలకొద్ది తిప్పుటయు మంచిది కాదు. రింగులు బోరులో కుదురుకొనవు. తేలిక పని పెట్టి నడుపుడు. పిమ్మట ఆయిలు, ఫిల్టరు మార్చుడు.

ఇంతయు చేసి దుమ్మును లోనికి పోనిచ్చినచో ఫలము లేదు. ఎయిరు క్లీనరు నుండి ఇంజనుకు పోవు రబ్బరు గొట్టమున చీలిక ఉన్నచో, మన రేగడి దుమ్ము సరాసరి బోరులో పడి ఆకురాయివలె అరగదీయును. దుక్కి దినములలో ఆయిలు గిన్నె క్లీనరును ప్రతిదినము చూడుడు. కాగితపు ఫిల్టరును డీజిలుతో కడుగకుడు.

ఈ విద్య మన బిడ్డలకును అవసరము. అనంతపురము జిల్లా గార్లదిన్నెలో 1983లో ఏర్పడిన కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ ఉన్నది. ఆసక్తి గల యువకులను అక్కడికి పంపుడు. ఊరిలో ఒక్కడు మైక్రోమీటరు చదువనేర్చినను ఆ మేలు ఊరందరికి కలుగును.

శనగ విత్తు కాలము మన కోసము ఆగదు. ఇంజను పని ఉన్నవారు వేసవిలోనే చేయించుకొనుడు. షాపులో "కొలిచినాము" అని చెప్పినప్పుడు, మీరు మర్యాదగా "ఎంత?" అని అడుగుడు. ఆ కాగితమును పాసుపుస్తకముతో పాటు జాగ్రత్త చేసికొనుడు.