ఇత్తడి బూర, తోలు డప్పు: కూలి లెక్క

(లాల్‌దర్వాజాలో డప్పు, బ్యాండు కళాకారుల ముందు ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)



మనం కూసున్న ఈ గల్లీలు ఆషాఢం బోనాలకు జనంతో నిండిపోతయి. 1908 మూసీ వరద అప్పుడు నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇక్కడి అమ్మవారికి మొక్కిన కథ చెబుతారు. ఏనుగు మీద పోయే అక్కన్న మాదన్న గుడి ఘటం గురించి చెబుతారు. ఆ ఏనుగు ముందు డప్పు కొట్టినోని పేరు, బూర ఊదినోని పేరు మాత్రం ఏ కథలోనూ లేదు. ఏనుగుకు పేరుంటది, మనకుండదు!

ఇత్తడి వాయిద్యం మన ఊర్లల్ల పుట్టింది కాదు. తెల్లోళ్ల పల్టన్లతో వచ్చింది. సికింద్రాబాదులో 1806 నుంచి వాళ్ల దండు ఉండె. బూరకు మీటలు పెట్టే పద్ధతికి 1818లో జర్మనీలో పేటెంటు తీసుకున్నరు. మీట నొక్కితే గాలి పోయే గొట్టం పొడుగైతది, స్వరం దిగుతది. మూడే మీటలు, మిగతాదంతా పెదవుల బిగువు, ఊపిరి. మీరట్ జలీ కోఠీలో తయారైన ట్రంపెట్టు మనోని చేతికొస్తే, నొటేషన్ ముక్క రాకున్నా పొద్దున విన్న సినిమా పాట మాపటికల్లా పలికిస్తడు. బడిలో ఇంత తొందరగా పాఠం పట్టే పిల్లలు మాకెందరున్నరు? అయినా దీన్ని చదువు అనరు.

డప్పు సంగతి వేరు. అది మన ఇంట్లనే పుట్టింది. కొయ్య చట్రానికి తోలు బిగించి, మంట మీద కాపి, సిర్ర, చిటికెన పుల్లలతో కొడతాం. తోలు మైల అన్నోడే ఆ మోత లేంది అమ్మవారి ముందట కాలు కదపడు. ఆ మోతకు మాత్రం ఊర్లల్ల తరతరాలు వెట్టే. ఎంత పనికి ఎంత కూలో తేలని ఇసొంటి చాకిరీ మీదనే బాబాసాహెబ్ 1928లో బొంబాయి శాసనమండలిలో మహర్ వతన్ బిల్లు పెట్టిండు.

ఇత్తడి పట్టినంక కూలి వచ్చింది, గుండీల కోటు వచ్చింది, ‘మాస్టరు’ అన్న పిలుపు వచ్చింది. కానీ పెళ్లింట్ల బంతి లేచేదాకా బయటే నిలబెడతరు, ఆఖర్ల పెరట్లో ఆకు వేస్తరు. కోటు కింద కులం అట్లనే ఉంది. ఇది మనొక్కళ్ల గోస కాదు. 2024లో వచ్చిన ‘అంబాజీపేట మ్యారేజి బ్యాండు’ సినిమాలో కోనసీమ మంగలి పిల్లగానిదీ ఇదే కథ.

కొందరు తమ్ముళ్లు డప్పు పారేద్దాం, ఇత్తడే పడదాం అంటున్నరు. మేం ఒప్పుకోం. 1994లో దండోరా లేచిందే డప్పుతోని. సిగ్గు డప్పుది కాదు, కూలియ్యకుండా కొట్టించుకున్నోనిది.

ఇప్పటి సంగతి. డీజే బండి వచ్చి మన బేరాలు తిన్నది. 2024లో నగర పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. పిలుపులొస్తే పాత రేటుకే ఒప్పుకుందామా? ఆషాఢం శూన్యమాసం, పెళ్లిళ్లుండవు, బోనాలే దిక్కు. ఆ సంగతి కమిటీలకు తెలుసు. ‘ఖాళీగనే ఉన్నవు కదరా’ అని బేరం మొదలుపెడతరు. ఒక జట్టు కాదంటే ఇంకో జట్టు తక్కువకు పోతది. గొంతు కోసేది అక్కడే.

అందుకని జ్యేష్ఠంలోనే అన్ని జట్లు కూసోని ఒక్క రేటు కాగితం మీద రాసుకోవాలె. ఎన్ని గంటలు, అడ్వాన్సు ఎంత, డప్పుకెంత, బూరకెంత, బువ్వ ఏ బంతిల, అన్నీ రాయాలె. రాసుడు మాకు అప్పజెప్పండి, అది మా పనే. అంకెలు చెప్పాల్సింది మీరు. యూఫోనియం ఊదే పెద్దాయన ఇందాకటి నుంచి చెయ్యెత్తి ఉన్నడు. రా పెద్దన్నా, ముందు నువ్వు చెప్పు.